కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ మన ఇంటికి గిట్టుబాటేనా? అమెరికాలోని తెలుగు కుటుంబాలు వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే ఉద్యోగులకు హెచ్‌ఆర్ నుంచి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే వచ్చే ఏడాదికి హెల్త్ ప్లాన్ ఎంచుకోవాల్సిన గడువు, గురించి మెయిల్ వస్తుంది. అందులో మూడు నాలుగు ప్లాన్లు ఉంటాయి. ఒక్కో ప్లాన్‌కు మళ్లీ నాలుగు ధరలు: ఉద్యోగి ఒక్కరికే అయితే ఒకటి, దంపతులకు ఒకటి, ఉద్యోగితో పాటు పిల్లలకు ఒకటి, కుటుంబం మొత్తానికి ఒకటి. చాలామంది పోయినేడు ఏది ఎంచుకున్నారో ఈసారీ దాన్నే టిక్ చేసి పక్కన పెట్టేస్తారు. రెండు మంచి జీతాలు వచ్చే ఇంట్లో దీనివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఇంట్లో ఒకరికి హెచ్-1బీ, రెండోవారికి పని చేసే వీలు లేని హెచ్-4, ఇద్దరు పిల్లలు, ఒక్కటే జీతం. అలాంటి ఇంట్లో ఆ టిక్ తప్పితే ఏడాదికి వేల డాలర్ల తేడా వస్తుంది.

ముందు సగటు సంగతి చూద్దాం. కేఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య విధాన పరిశోధన సంస్థ ఏటా కంపెనీ ఇన్సూరెన్స్‌ల మీద సర్వే చేస్తుంది. దాని ప్రకారం 2025లో ఫ్యామిలీ కవరేజీ పూర్తి ప్రీమియం సగటున ఏడాదికి 26,993 డాలర్లు. ఇందులో ఉద్యోగి జీతం నుంచి పోయేది 6,850 డాలర్లు, మిగిలింది కంపెనీ కడుతుంది. ఒక్కరికే తీసుకుంటే పూర్తి ప్రీమియం 9,325, ఉద్యోగి వాటా 1,440. ఈ సగటులో పెద్ద కంపెనీల ఉదారత్వం, చిన్న కంపెనీల పిసినారితనం కలిసిపోతాయి. మనవాళ్లు ఎక్కువగా పనిచేసే చిన్న కన్సల్టెన్సీల్లో ఉద్యోగి ప్రీమియంలో సగమో ముప్పావో కంపెనీ కట్టి, భార్యాపిల్లల భాగాన్ని మొత్తం జీతంలోంచే కోసే పద్ధతి మామూలే. అక్కడ ఫ్యామిలీ ప్రీమియం నెలకు వెయ్యి డాలర్లు దాటినా ఆశ్చర్యపడాల్సిన పని లేదు.

చట్టం వేసే కొలత

2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్, అంటే ఒబామాకేర్, కంపెనీ ఇన్సూరెన్స్ ఖరీదును కొలవడానికి ఒక గీత గీసింది. కంపెనీ ఇచ్చే ప్లాన్లలో అన్నిటికంటే చవకైన దానికి ఉద్యోగి కట్టాల్సిన ప్రీమియం, ఇంటి ఆదాయంలో ఒక శాతం దాటకపోతే అది భరించగలిగేదే అన్నట్టు. మొదట్లో ఆ శాతం 9.5. ఏటా సవరిస్తారు కాబట్టి 2024లో 8.39కి దిగింది, 2025లో 9.02 అయింది, 2026కి 9.96కి ఎక్కింది. ప్లాన్ మరీ నాసిరకంగా ఉండకూడదన్న షరతు కూడా ఉంది. సగటున వైద్య ఖర్చులో కనీసం 60 శాతం ప్లాన్ భరించాలి.

ఈ గీత ఎందుకంత ముఖ్యం? కంపెనీ ఇన్సూరెన్స్ గీత లోపల ఉంటే, ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో, అంటే హెల్త్‌కేర్ డాట్ గవ్ లాంటి చోట, వేరే ప్లాన్ కొనుక్కోవచ్చు కానీ సబ్సిడీ రాదు. గీత దాటితే సబ్సిడీ తలుపు తెరుచుకుంటుంది.

అసలు చిక్కు ఎవరి ప్రీమియాన్ని కొలవాలన్న దగ్గర వచ్చింది. 2013లో ఖరారైన నిబంధనల్లో అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్, ఉద్యోగి ఒక్కరి ప్రీమియాన్నే చూసింది. ఆ ఒక్కరి ప్రీమియం చవకగా ఉంటే భార్యకు, పిల్లలకు కూడా కవరేజీ చవకే అని లెక్క. వాళ్లను చేర్చడానికి జీతంలో ఐదో వంతు పోతున్నా సరే. దీన్నే ఫ్యామిలీ గ్లిచ్ అన్నారు. ఇందులో చిక్కుకున్నవాళ్లు 51 లక్షల మంది ఉంటారని, వారిలో సగానికి పైగా పిల్లలేనని కేఎఫ్ఎఫ్ అంచనా వేసింది. ఇంత మంది ఇబ్బంది పడుతున్నా ఆ నిబంధన దాదాపు పదేళ్లు అలాగే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో బైడెన్, ఒబామా పక్కపక్కన నిలబడి మార్పును ప్రకటించారు, అక్టోబరులో నిబంధన ఖరారైంది, 2023 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు కొలతలు రెండు. ఉద్యోగికి మాత్రం ఒక్కరి ప్రీమియంతోనే కొలుస్తారు. భార్య లేదా భర్తకు, పిల్లలకు మాత్రం అందరినీ చేర్చితే అయ్యే ఫ్యామిలీ ప్రీమియంతో కొలుస్తారు. అందువల్ల ఒకే ఇంట్లో భర్త గీత లోపల, భార్యాపిల్లలు గీత బయట ఉండే పరిస్థితి వస్తుంది. ఈ సంగతి తెలియక, సబ్సిడీకి అర్హత ఉన్నా పూర్తి ఫ్యామిలీ ప్రీమియం కడుతూ పోయే ఇళ్లు ఇంకా ఉన్నాయన్నదే నా బాధ.

ఈ మార్పు కంపెనీల మీద ఏ ఒత్తిడీ పెట్టలేదని కూడా గుర్తుంచుకోవాలి. పూర్తికాల ఉద్యోగులు, వారికి సమానమైనవాళ్లు కలిపి 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కంపెనీ ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే జరిమానా పడుతుంది. కానీ ఆ కంపెనీకి ఖరీదు పరీక్ష ఇప్పటికీ ఉద్యోగి ఒక్కరి ప్రీమియం మీదే. పిల్లలకు 26 ఏళ్ల దాకా కవరేజీ చూపించాలి, కానీ దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు. భార్యకో భర్తకో కవరేజీ చూపించాల్సిన అవసరం కూడా చట్టంలో లేదు. పైగా మన ఇంటి ఆదాయం ఎంతో కంపెనీకి తెలియదు కాబట్టి, జరిమానా పడకుండా కొన్ని సులువు కొలతలు వాడుకోవడానికి దానికి అనుమతి ఉంది. వాటిలో ఒకటి ఫెడరల్ పేదరిక రేఖ మీద ఆధారపడింది. 2026కి ఆ లెక్క నెలకు 129.89 డాలర్లు వస్తుంది. మీ కంపెనీలో ఒక్కరి ప్రీమియం సరిగ్గా 129 డాలర్ల దగ్గర ఆగిందంటే, ఆ అంకె మీ ఇంటి ఖర్చులు చూసి పెట్టింది అయ్యుండదు. 50 కంటే తక్కువ మంది ఉన్న కంపెనీకైతే ఈ నిబంధనలేవీ లేవు. హెచ్-1బీ వాళ్లకు ఒక్క రక్షణ ఉంది: అదే పని చేసే అమెరికన్ ఉద్యోగులకు ఇచ్చే బెనిఫిట్లను అదే పద్ధతిలో వీళ్లకూ ఇవ్వాలని కార్మిక శాఖ నిబంధన చెబుతుంది.

ఒక ఇంటి లెక్క

డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉండే నలుగురి కుటుంబం అనుకుందాం. భర్త కన్సల్టెన్సీ ఉద్యోగి, జీతం 90,000. భార్య హెచ్-4 మీద ఇంట్లోనే ఉంటుంది. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. కంపెనీలో చవకైన ప్లాన్‌కు ఆయన ఒక్కరి ప్రీమియం నెలకు 210, ఫ్యామిలీ ప్రీమియం 1,350.

పేచెక్ దగ్గరే ఒక పొరపాటు జరుగుతుంటుంది. రెండు వారాలకోసారి జీతం వచ్చేచోట ఈ 1,350 డాలర్లు, పేచెక్‌కు 623గా కనిపిస్తాయి. దాన్ని రెండుతో హెచ్చించి నెలకు 1,246 అనుకుంటాం. ఏడాదికి పేచెక్కులు 26 వస్తాయి కాబట్టి అసలు ఖర్చు నెలకు ఇంకో వంద పైనే. కొన్ని కంపెనీలు 24 పేచెక్కుల్లోనే కోస్తాయి. ఎన్నిసార్లు కోస్తారో అడిగి, ఏడాది మొత్తం వేసుకుంటేనే పోలికకు పనికొస్తుంది.

2026 గీత 9.96 శాతం. 90,000 మీద ఏడాదికి 8,964, నెలకు 747. భర్త ఒక్కరి 210 దానికి చాలా లోపల ఉంది, కాబట్టి ఆయనకు సబ్సిడీ లేదు. ఫ్యామిలీ ప్రీమియం ఏడాదికి 16,200, ఆదాయంలో 18 శాతం. భార్యాపిల్లలు గీత బయట ఉన్నారు, వాళ్లు మార్కెట్‌ప్లేస్‌కు వెళ్లవచ్చు.

నలుగురి కుటుంబానికి 2026 సబ్సిడీ లెక్కకు వాడే పేదరిక రేఖ 32,150 డాలర్లు. 90,000 అంటే దానికి 280 శాతం. ఈ ఆదాయానికి ఇల్లు తన వంతుగా సుమారు 9.35 శాతం పెట్టుకోవాలని ప్రభుత్వం అంటుంది, అంటే నెలకు దాదాపు 700. భార్యకు, ఇద్దరు పిల్లలకు కలిపి ఆ ప్రాంతంలో సబ్సిడీకి కొలబద్దగా తీసుకునే సిల్వర్ (మధ్యస్థాయి) ప్లాన్ నెలకు 1,200 ఉంటే, 500 ప్రభుత్వం కడుతుంది. ఇంటికి 700, దానికి భర్త 210 కలిపి 910. ముందు కట్టిన 1,350 పక్కన పెడితే నెలకు 440 మిగులు అనిపిస్తుంది.

ఇక్కడితో ఆగితే లెక్క తప్పుతుంది. కంపెనీ ప్రీమియం పన్నుకు ముందే జీతంలోంచి పోతుంది. 12 శాతం ఆదాయపు పన్ను, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపితే, 16,200 మీద దాదాపు 3,180 డాలర్ల పన్ను తగ్గుతుంది. అసలు భారం 13,000 దగ్గర. మార్కెట్‌ప్లేస్ ప్రీమియం పన్ను కట్టాక చేతికొచ్చిన డబ్బులోంచి పోతుంది. రెండో దారిలో ఏడాది మొత్తం 10,920, అందులో భర్త ప్రీమియం మీద తగ్గే పన్ను ఒక 495 తీసేస్తే 10,425. కాబట్టి నిజమైన మిగులు ఏడాదికి 2,600 లోపే. తక్కువేం కాదు కానీ, మొదట కనిపించిన 5,280లో సగం.

ఆ 2,600ను మింగేసేది ఇంకొకటి ఉంది. ఇల్లు రెండు ప్లాన్లుగా విడిపోయింది కాబట్టి డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు మనమే పెట్టుకోవాల్సిన మొత్తం) రెండు, జేబు ఖర్చుకు ఏడాది పరిమితులు రెండు, ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ల నెట్‌వర్కులు రెండు. భార్య గర్భవతి అయితే, పిల్లల్లో ఒకరికి ఆస్తమా ఉంటే, మార్కెట్‌ప్లేస్ సిల్వర్ ప్లాన్ డిడక్టబుల్‌ను కంపెనీ ప్లాన్‌తో పోల్చకుండా కదలకూడదు. పిల్లల డాక్టర్ కొత్త నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో ప్లాన్ వెబ్‌సైట్‌లో చూసుకుని, క్లినిక్‌కు ఫోన్ చేసి కూడా నిర్ధారించుకోవాలి. వెబ్‌సైట్ జాబితాలు పాతబడి ఉండటం చాలా మామూలు.

రాష్ట్రం మారితే ఈ లెక్క కూడా మారుతుంది. టెక్సస్‌లో పిల్లల ప్రభుత్వ బీమా అయిన చిప్ పేదరిక రేఖకు దాదాపు 200 శాతం దగ్గర ఆగిపోతుంది, కాబట్టి ఈ పిల్లలకు అది రాదు. న్యూజెర్సీలో అయితే 355 శాతం దాకా ఉంది. ఎడిసన్‌లో ఇదే జీతంతో ఉండే కుటుంబంలో పిల్లలు ముందు చిప్‌కు అర్హులవుతారు, అప్పుడు వాళ్లకు సబ్సిడీ రాదు, అవసరమూ ఉండదు.

ప్రీమియం దాటి చూస్తే

చట్టం గీత ప్రీమియం మీదే ఉంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు జేబులోంచి పోయేది దానికి కనిపించదు. నా దృష్టిలో ఇంటికి అన్నిటికంటే ముఖ్యమైన భాగం అదే. నెలకు 150 డాలర్ల ఫ్యామిలీ ప్రీమియం, 7,000 డిడక్టబుల్ ఉన్న ప్లాన్ గీత లోపలే ఉంటుంది, కానీ అర్ధరాత్రి పిల్లాడికి జ్వరం ఎక్కువైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలా వద్దా అని తల్లిదండ్రులను ఆలోచనలో పడేస్తుంది.

కామన్వెల్త్ ఫండ్ అనే సంస్థ, ఇన్సూరెన్స్ ఉండి కూడా రక్షణ చాలనివాళ్లను గుర్తించడానికి ఒక కొలత వాడుతుంది. డిడక్టబుల్ ఇంటి ఆదాయంలో 5 శాతం తాకినా, ప్రీమియం కాకుండా ఏడాదిలో జేబులోంచి పెట్టిన వైద్య ఖర్చు ఆదాయంలో 10 శాతం తాకినా ఆ ఇంటికి రక్షణ చాలనట్టే. తక్కువ ఆదాయం వాళ్లకు ఆ 10 కూడా 5 అవుతుంది. మన ఇర్వింగ్ ఇంటికి 5 శాతం అంటే 4,500. చట్టం గీతకంటే ఈ కొలత ఇంటికి ఎక్కువ పనికొస్తుందని నేను నమ్ముతాను.

ప్లాన్లు పోల్చేటప్పుడు రెండు ఏడాదులు ఊహించుకోవాలి, అందరూ ఆరోగ్యంగా ఉన్న ఏడాది ఒకటి, ఎవరికో ఆపరేషన్ అయిన ఏడాది ఒకటి. మొదటిదానికి ప్రీమియం ఒక్కటే లెక్క, ఎందుకంటే టీకాలు, ఏడాదికోసారి చేసే చెకప్ లాంటి ముందుజాగ్రత్త సేవలకు నెట్‌వర్క్‌లో కోపే, అంటే డాక్టర్ దగ్గర మనం కట్టే రుసుము, కూడా ఉండదు. రెండోదానికి ప్రీమియంతో పాటు అవుటాఫ్ పాకెట్ మ్యాక్సిమమ్, అంటే ఏడాదిలో మన జేబులోంచి పోగల గరిష్ఠ మొత్తం, కలపాలి. చట్ట ప్రకారం 2026లో నెట్‌వర్క్ లోపల ఇది ఒక మనిషికి 10,600, కుటుంబానికి 21,200 మించకూడదు.

ఉదాహరణకు ఒక మామూలు ప్లాన్ నెలకు 700, గరిష్ఠ ఖర్చు 8,000. పక్కనే హై డిడక్టబుల్ ప్లాన్ నెలకు 400, గరిష్ఠ ఖర్చు 12,000, దానికి కంపెనీ హెచ్ఎస్ఏ ఖాతాలో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) 1,000 వేస్తుంది. మంచి ఏడాదిలో మొదటిదానికి 8,400, రెండోదానికి 3,800. ఆపరేషన్ అయిన ఏడాదిలో మొదటిదానికి 16,400, రెండోదానికి 15,800. డిడక్టబుల్ పెద్దదనే భయంతో మొదటిది తీసుకున్న ఇల్లు రెండు ఏడాదుల్లోనూ ఎక్కువ కట్టినట్టు. అన్ని కంపెనీల్లో ఇలాగే తేలదు, ప్రీమియంల మధ్య తేడా ఎంతన్నదాని మీద ఉంటుంది. హై డిడక్టబుల్ ప్లాన్‌కు జనవరిలోనే నాలుగైదు వేల బిల్లు వస్తే కట్టగలిగే డబ్బు బ్యాంకులో ఉండాలి. అది లేని ఇంటికి, మొత్తం మీద కాస్త ఎక్కువైనా నెలనెలా కట్టే ప్లాన్ నయం. కొన్ని హై డిడక్టబుల్ ప్లాన్లలో ఒక్కరికే జబ్బు చేసినా కుటుంబ డిడక్టబుల్ మొత్తం నిండేదాకా ఇన్సూరెన్స్ కదలదు, ఆ సంగతి కూడా ముందే చదువుకోవాలి.

డెలివరీ ఉన్న ఏడాది లెక్క వేరు. చాలా ప్లాన్లలో డిడక్టబుల్ జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫిబ్రవరిలో డెలివరీ అంటే స్కానులు, పరీక్షలు ఒక ఏడాది డిడక్టబుల్‌లో, ఆసుపత్రి బిల్లు మరో ఏడాది డిడక్టబుల్‌లో పడతాయి. బిడ్డను కంపెనీ ప్లాన్‌లో చేర్చడానికి సాధారణంగా పుట్టిన రోజు నుంచి 30 రోజులే గడువు. బాలింత ఇంట్లో ఆ నెల ఎలా గడుస్తుందో అందరికీ తెలుసు కాబట్టి, ఈ పనిని డెలివరీకి ముందే ఎవరో ఒకరు బాధ్యతగా తీసుకోవాలి.

ఆదాయం అంటే ఏది

సబ్సిడీకి చూసేది జీతం ఒక్కటే కాదు, పన్ను రిటర్న్‌లో కనిపించే ఇంటి మొత్తం ఆదాయం. పన్ను లెక్కలో అమెరికా నివాసి అయినవాళ్లు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపించాలి. హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, విజయవాడ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, ఇండియాలో పన్ను లేని ఎన్ఆర్ఈ వడ్డీ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తాయి. దంపతులు జాయింట్‌గా ఫైల్ చేయకపోతే సాధారణంగా సబ్సిడీ రాదు.

2021 నుంచి 2025 దాకా ఉన్న అదనపు సబ్సిడీలు 2025 చివరితో ముగియడం వల్ల, పేదరిక రేఖకు 400 శాతం దగ్గర పాత అంచు మళ్లీ వచ్చింది. నలుగురి కుటుంబానికి అది 128,600. దాని మీద ఒక్క డాలర్ దాటినా సబ్సిడీ మొత్తం పోతుంది. అంచు దగ్గర ఉన్నవాళ్లకు మామూలు 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతా, హెచ్ఎస్ఏ జమలు సాయపడతాయి, అవి ఆదాయాన్ని తగ్గిస్తాయి. పన్ను కట్టాక జమ చేసే రాత్ 401(కె) తగ్గించదు. 2026 నుంచి మరో కఠినమైన మార్పు ఉంది. ఆదాయం తక్కువ చూపి ఎక్కువ సబ్సిడీ తీసుకుంటే, ఫైలింగ్ వేళ అదనంగా వచ్చిందంతా తిరిగి కట్టాలి. ఇంతకుముందు దానికి ఉన్న పరిమితి పోయింది. కాబట్టి ఏడాది మధ్యలో జీతం పెరిగినా, భార్యకు ఈఏడీ (పని చేసే అనుమతి) వచ్చి ఉద్యోగం దొరికినా వెంటనే మార్కెట్‌ప్లేస్‌లో మార్చాలి. ఆ కొత్త ఉద్యోగంలో ఆమె ఒక్కరికి గీత లోపల ఇన్సూరెన్స్ ఇస్తామంటే, చేరకపోయినా ఆమెకు సబ్సిడీ అర్హత పోతుంది.

కాగితాల దగ్గరకొస్తే, కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల ఫారం డబ్ల్యూ-2లో 12వ బాక్సులో డిడి కోడ్ పక్కన ఉన్న అంకె కంపెనీ వాటా, మన వాటా కలిపిన పూర్తి ప్రీమియం. ఉద్యోగం పోయాక కంపెనీ ప్లాన్‌నే సొంత ఖర్చుతో కొనసాగించే కోబ్రాలోకి వెళ్తే కట్టాల్సింది దాదాపు అంతే, ఇంకో 2 శాతం ఎక్కువ. కంపెనీ ఇన్సూరెన్స్ వివరాలు ఇచ్చే 1095-సి ఫారం 15వ వరుసలో సాధారణంగా ఉద్యోగి ఒక్కరి చవకైన ప్రీమియమే ఉంటుంది. భార్యాపిల్లల అర్హత తేల్చే ఫ్యామిలీ అంకె అందులో ఉండదు. దాన్ని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి: "కుటుంబం మొత్తాన్ని కవర్ చేసే అన్నిటికంటే చవకైన ప్లాన్‌కు నా వాటా ఎంత?" కంపెనీ ఎన్‌రోల్‌మెంట్ కిటికీ మూసుకునేలోపే మార్కెట్‌ప్లేస్ ధర చూసుకోవాలి. ఏడాది మధ్యలో కుటుంబాన్ని కంపెనీ ప్లాన్ నుంచి మన ఇష్టంతో తీసేస్తే, మార్కెట్‌ప్లేస్ అప్పుడు తలుపు తెరవదు.

2027లో మారేది

2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి పౌరులు కానివారిలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, చట్టం పేర్కొన్న మరికొన్ని చిన్న వర్గాలవాళ్లు మాత్రమే సబ్సిడీకి అర్హులు. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు ఆ జాబితాలో లేరు. ఇర్వింగ్ ఇంట్లో తల్లికి 2026లో దొరికే సాయం 2027లో దొరకదు. అమెరికాలో పుట్టిన పిల్లలు పౌరులు కాబట్టి వాళ్లకు అర్హత ఉంటుంది. కానీ ఇల్లు పెట్టుకోవాల్సిన వంతు ఆదాయం మీద లెక్కిస్తారు, ఎంతమంది కవర్ అవుతున్నారన్నదాని మీద కాదు. 2026 శాతాలతోనే చూస్తే, ఇద్దరు పిల్లల కొలబద్ద ప్లాన్ నెలకు 700 దాటితేనే వాళ్లకు ఒక్క డాలర్ అయినా వస్తుంది. ఇద్దరు చిన్నపిల్లల ప్రీమియం చాలా చోట్ల అంత ఉండదు. అర్హత కాగితం మీద ఉంటుంది, సబ్సిడీ సున్నా అవుతుంది.

గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది పెద్ద దెబ్బ, దీని గురించి మన సంఘాల్లో రావాల్సినంత చర్చ రాలేదు. ఇలాంటి ఇళ్లకు ఇక మిగిలేది కంపెనీ వాటాయే. కొత్త ఆఫర్ వచ్చినప్పుడు 95,000 జీతం, ఫ్యామిలీ ప్రీమియం నెలకు 1,350 ఉన్న కన్సల్టెన్సీ కంటే, 88,000 జీతం ఇచ్చి ఫ్యామిలీ ప్రీమియం 400కి ఇచ్చే కంపెనీ మెరుగు. ప్రీమియం తేడాయే ఏడాదికి 11,400, జీతం తేడా 7,000. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపే ఆ కంపెనీ బెనిఫిట్స్ పత్రం అడిగి, ఫ్యామిలీ ప్రీమియం, డిడక్టబుల్, గరిష్ఠ ఖర్చు చూసుకోవచ్చు. సంతకానికి ముందైతే కంపెనీ వాటా పెంచమని బేరమాడే అవకాశం ఉంటుంది, చేరాక అది దాదాపు ఉండదు.